బ్లీచింగమ్మ చేతులు

మా నెలతక్కువ పిల్లల వార్డులో ఆయాగా చేసిన అక్కని అందరం బ్లీచింగమ్మ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నర్సునైన నేనే. అప్పట్లో నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

గోడకున్న సబ్బు సీసా ఆవిడకి ఆనేది కాదు. "పేరుకే నురగమ్మా, దీంతో ఏం చస్తాయి?" అనేది. నేల తుడవడానికి కలిపిన బ్లీచింగ్ నీళ్లు మగ్గుతో తీసుకుని, గిన్నెలు తోమే పీచుతో మోచేతుల దాకా రుద్దుకునేది.

కూతురికి ఏడో నెలలోనే కాన్పయి, మనవరాలు మా వార్డులోనే అద్దాల పెట్టెలోకి చేరాక ఆ రుద్దుడు మరీ ఎక్కువైంది. చేతులు పగిలి రక్తం కారేది. నేను చూశాను. "చాల్లే అక్కా, అరిగిపోతాయి" అని నవ్వి నా పనిలో పడ్డాను. చూసి ఊరుకున్న పాపం నాది.

బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించి పడుకోబెట్టమని డాక్టరమ్మ చెప్పింది. అక్క ఒప్పుకోలేదు. "చెమట ఒళ్లే నీది, పసిదానికి అంటుతుంది" అని కూతుర్ని దూరంగా కూర్చోబెట్టి, అన్నీ తన చేత్తోనే చేసింది.

రెండో వారంలో ముగ్గురు పిల్లలకి ఒంటిమీద చీముపొక్కులు లేచాయి, జ్వరం పట్టుకుంది. వాళ్లలో మనవరాలొకటి. వార్డులో పనిచేసే అందరి చేతుల నుంచీ నమూనాలు తీశారు. అక్కనొక్కదాన్నే డాక్టరమ్మ తన గదిలోకి పిలిచింది. తోడు నేను వెళ్లాను.

"మన చర్మం మీద మంచి బ్యాక్టీరియా కాపురముంటాయమ్మా. చెడ్డవాటికి చోటు దొరక్కుండా చూసేది అవే. మీరు రుద్ది రుద్ది వాటిని తరిమేశారు. ఆ పగుళ్లలో చీము పట్టించే రకం దిగింది. పిల్లలకి పట్టిందీ అదే."

"అయితే నేనేనా?"

"మీరు తెలిసి చెయ్యలేదు."

"నేనేనా అని అడుగుతున్నానమ్మా."



ఆ రోజు నుంచి అక్కకి లోపలికి ప్రవేశం లేదు. చేతులకి మందు రాసి, గుడ్డ చుట్టి, బయట బల్ల మీద కూర్చోబెట్టాం. రెండుసార్లు కుళాయి దగ్గర దొరికింది. కట్టు విప్పేసి మళ్లీ రుద్దుతోంది. నేను లాక్కొస్తుంటే "కోసెయ్యండమ్మా వీటిని" అని నా కాళ్లమీద పడింది. లేపి మళ్లీ కట్టు కట్టాను.

లోపల కూతురు ఎట్టకేలకి బిడ్డని రొమ్ముకి ఆనించుకుంది. మందుల కోసం నేను తలుపు తీసి బయటికొస్తుంటే, బల్ల మీదున్న తల్లికి వినపడేలా నాతో అంది: "మొదటిరోజే నన్ను ముట్టుకోనిచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

నాలుగో రోజు పొద్దున, మా వార్డులోనే ఉన్న ఒక దర్జీ ఆవిడ బిడ్డ పోయింది. ముగ్గురిలో అందరికంటే చిన్నది. జబ్బు ఎవరి చేతుల నుంచి అంటిందో ఆ తల్లికి ఇంకా ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చి, తెలిసిన మొహం కనపడగానే అక్క భుజమ్మీద పడి బావురుమంది. "నువ్వెంత శుభ్రంగా చూశావక్కా, అయినా దక్కలేదు" అని ఏడ్చింది. అక్క చేతులు వెనక్కి పెట్టుకుని కొయ్యబారిపోయింది. ఓదార్చడానికైనా ఒక్క చెయ్యి లేవలేదు.

మనవరాలు బతికింది. నెల తిరిగేసరికి అక్క చేతులూ మానాయి. పరీక్షలో ఏ దోషమూ లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఆవిడ తీసుకోలేదు, పనిలోకీ రాలేదు.

ఆ పిల్లకి ఇప్పుడు మూడేళ్లు. మొన్న వాళ్లింటికి వెళ్లాను. అమ్మమ్మ గోడకి చేరబడి, చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడి ఉంది. పిల్లకి అదొక ఆట. ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ తొంగిచూస్తూ "ఏం దాచావమ్మమ్మా, చూపించవూ?" అని అడుగుతోంది.

"ఏమీ లేదు తల్లీ" అంటూ అమ్మమ్మ గోడకి ఇంకాస్త ఒదిగిపోయింది.