ఎక్కువ ఎండిన నీలం

మొన్న హైటెక్ సిటీలో మా అబ్బాయి ఆఫీసు కిందున్న దుకాణంలోంచి ఒక నీలం సీసా ప్రగతి నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. రోజుకో మూత నీళ్ళలో కలుపుకుని తాగితే ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఒంట్లోకి ఎక్కించిన రేడియేషనంతా కడిగేస్తుందట. రసాయనాల మధ్యే తల నెరిసిన నన్నే కూర్చోబెట్టి వివరించాడు. ఫోన్ రేడియేషన్ కడుపులో పేరుకునే సరుకు కాదురా, అదీ వెలుతురు లాంటిదే, వెలుతురు మింగి అజీర్తి తెచ్చుకున్నవాడెవడన్నా ఉన్నాడా అంటే, "రివ్యూలు చూడు నాన్నా, మా టీమంతా తాగుతున్నరు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా అని ఒళ్ళు మండింది.

ఒంట్లోంచి రేడియోధార్మిక విషాన్ని నిజంగా తీసే నీలం ఒకటుంది. మన తరంవాళ్ళు పెయింటు డబ్బాల్లో చూసే ఉంటారు, ప్రష్యన్ బ్లూ అంటారు. ప్రమాదంలో సీజియమనే రేడియోధార్మిక లోహం మింగినవాడికి క్యాప్సూల్స్‌గా ఇస్తే, పేగుల్లో దాన్ని పట్టుకుని మలంతో పాటు బయటికి లాక్కుపోతుంది, అంతకుమించి మహిమలేమీ లేవు. మలం కూడా నీలంగా వస్తుంది, ఆ ముక్క ఏ దుకాణంవాడూ సీసా మీద వేసుకోడు.

నేను ఉద్యోగంలో చేరింది జీడిమెట్లలో ఆ నీలం తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో. నిజాంపేటలో నేను ఎవరింట్లో కిరాయికి ఉండేవాణ్ణో ఆయనే ఫ్యాక్టరీలో పొడి ఎండబెట్టే డ్రయ్యరు చూసేవాడు, కాకా అని పిలిచేవాణ్ణి. ఎంత తోమినా ఆయన మోచేతుల దాకా నీలమే. పెయింటువాళ్ళకు పొడి బాగా ఎండాలి, పిడికిట పట్టి వదిలితే పొగలా లేవాలి, ఏళ్ళ తరబడి ఆయనకు అదే అలవాటు. ప్రమాదాలకని నిల్వ ఉంచే మందు కోసం మొదటిసారి ఆర్డరు వస్తే, చేతి అలవాటు కొద్దీ దాన్నీ అలాగే ఎండబెట్టాడు. ఆ నీలంలో కాస్త తేమ మిగిలితేనే సీజియాన్ని సరిగ్గా పడుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

రేడియేషన్ లేని మామూలు సీజియం లవణాన్ని నీళ్ళలో కలిపి, అందులో ఆ పొడి వేసి పరీక్షిస్తే, పట్టాల్సినంత పట్టలేదు. ఓనరు నా బల్ల మీద ఒరిగి, "ఏంది నీ పరేషాన్? గిది తినేటోడు ఎవడు? గోదాంల పడుంటది, తారీఖు అయిపోతది, పారేస్తరు. పాసని రాయి" అన్నాడు. అంత నీచమైన మాట అంత తీరిగ్గా అన్నవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. అంతకన్నా నీచం, నేను పెన్ను తీయడం. తలుపు దగ్గర నిలబడి వింటున్న కాక అప్పుడు లోపలికొచ్చాడు.

"తప్పు నాది సార్, ఎక్కువ ఎండబెట్టిన. ఫెయిలని రాయి బిడ్డా. ఎవని కడుపులనో పడ్డంక పని చెయ్యకుంటే ఎట్ల?"

ఫెయిలనే రాశాను. సాయంత్రానికి కాక ఉద్యోగం పోయింది. నేను అక్కడే పదోన్నతులు తీసుకుని రిటైరయ్యాను, నిక్కచ్చి మనిషినని పేరు కూడా వచ్చింది. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా కాక ఆ సంగతి నా ముందు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న ఆ సీసా వెనక్కి తిప్పి చూశాను. పరీక్షించిందెవరో, ఏం తేలిందో ఉండాల్సిన చోట నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. మా రోజుల్లో పనికిరానిదాన్ని పనికిరాదనడానికి కనీసం ఒకడుండేవాడు, మీ అద్దాల మేడల్లో ఆ ఒక్కడూ లేడని మా అబ్బాయితో అనబోయి, ఊరుకున్నాను. ఆ ఒక్కడు నేను కాదు.