నాగాయలంక అక్కకి చిన్న ఫోను

మా అక్క నాతో మాట్లాడడం మానేసి రెండు నెలలు దాటింది. ఫోను చేస్తే ఎత్తుతుంది, నవ్వుతుంది, తల ఊపుతుంది, పెట్టేస్తుంది. అంతే! గంటసేపు కబుర్లు చెప్పే మనిషి ఇలా ముభావంగా తయారైతే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది కదా. బావ కొత్త పడవని నీళ్లలోకి దించిన రోజు నాకు పరీక్షల డ్యూటీ పడి వెళ్లలేకపోయాను. దానికే అలిగిందేమో అనుకున్నాను. అలిగితే వెళ్లి బతిమాలుకోవాలి గానీ ఫోన్లో తేలే వ్యవహారం కాదు. అందుకని రెండో శనివారం చూసుకుని, ఎవరికీ చెప్పకుండా నాగాయలంక బయలుదేరాను. కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్లాలనుకునేవాళ్లకి దారి వివరాలు కూడా పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు అక్క సంగతి చెప్పాలి. మా రత్నం అక్కకి పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. అవి ఏ బడిలోనూ నేర్పే సైగలు కావు. చాలావరకు అక్క పుట్టించింది, అమ్మానాన్నలు నేర్చుకున్నారు, నాకూ తమ్ముడికీ పాలు తాగే రోజుల్లోనే ఒంటబట్టాయి. ముక్కుపుడక పెట్టుకునే చోట వేలు ఆనించి, చెయ్యి కొండలా పైకెత్తితే బెజవాడ. మీసం మెలేస్తే బావ. కనుబొమ్మ మీద గీటు పెడితే తమ్ముడు, చిన్నప్పుడు వాడు అరుగు మీంచి పడి పగలగొట్టుకున్న చోటు అది. అక్కకి చదువు అబ్బలేదు కాబట్టి మెసేజీలు పెట్టుకోవడం కుదరదు. పెళ్లయి నాగాయలంక వెళ్లాక మా మధ్య మాటలన్నీ వీడియో కాల్లోనే.

అక్క పాత ఫోను అరచేతిలో పట్టేంత చిన్నది. వర్షాకాలంలో పడవ దిగుతుంటే జారి కృష్ణమ్మ పాలైంది. విశాఖలో ఉండే తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఫోను కొనడానికి బెజవాడ గవర్నర్‌పేట వెళ్లాం. "చేతులతో మాట్లాడుకునేవాళ్లం, చిన్న తెర మీద వేళ్లు ఏం కనపడతాయే? కొంటే పెద్దదే కొందాం" అన్నాడు వాడు. నేనూ సై అన్నాను. షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, ఖరీదైనది కొన్నాం. నాగాయలంక తీసుకెళ్లి చేతికిస్తే అక్క పెట్టె విప్పి, ఆ పలకంత ఫోను చూసి, మా ఇద్దరి బుగ్గలూ పుణికి ముద్దు పెట్టుకుంది. మేం పొంగిపోయాం.

నేనుండేది ఇబ్రహీంపట్నంలో. ఉదయం ఆరింటికి సిటీ బస్సెక్కితే ఏడు లోపు బెజవాడ బస్టాండులో ఉన్నాను. అవనిగడ్డ బస్సులు రెండు దారుల్లో వెళ్తాయి. కరకట్ట మీదుగా వెళ్లేది ఏటి పక్కనే పోతుంది, కళ్లకి పండగే గానీ మలుపులకి కడుపులో తిప్పుతుంది. నాలాంటివాళ్లు ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కడం మంచిది. రెండున్నర గంటల ప్రయాణం. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో కూడా టిక్కెట్టు ఉచితం, కాబట్టి సీటు కావాలంటే తొందరగా వెళ్లండి. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక కాసేపు నత్తనడక నడిచాం. ఆ తర్వాత అటూ ఇటూ కోతకొచ్చిన వరి, మధ్యలో పంట కాలవ, గట్టు మీద కొంగలు. మామూలుగా అయితే పాతిక ఫోటోలు తీసేదాన్ని. ఆ రోజు అక్కతో ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అవనిగడ్డలో దిగి షేర్ ఆటో ఎక్కాను. నాగాయలంకకి ముప్ఫై రూపాయలు. డ్రైవరు అద్దంలోంచి చూసి పలకరించాడు.

"ఎవరింటికండీ?"

"పడవల వెంకన్న గారింటికి."

"ఆఁ, మూగ రత్నమ్మ గారింటికాండీ?"

నాకు చర్రుమంది. "మూగేంటి బాబూ మూగ! మా అక్క మాట్లాడినంత నువ్వు ఆటో కూడా నడిపుండవు."

అతను పకపకా నవ్వాడు. "అదీ నిజవేలెండి. చేపల బేరంలో ఆవిడ మీద ఎవరం గెలవలేం. ఇదివరకు రేవు గట్టు మీద నడుస్తా నడుస్తానే ఫోన్లో చేతులు తిప్పేసేవారండి. ఈ మధ్యెందుకో ఫోను పట్టుకుని బయట కనపట్టల్లేదు."

నాకే కాదన్నమాట, ఊరికి కూడా తెలిసిపోయింది.

అక్క గుమ్మం ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నన్ను చూడగానే కత్తిపీట వదిలేసి లేచింది. చెప్పకుండా వచ్చినందుకు భుజం మీద ఒక్కటిచ్చింది, చిక్కిపోయానని చెంప గిల్లింది, ఆ చేపల చేతులతోనే వాటేసుకుంది. ఇక మొదలుపెట్టింది చూడండీ, కాలవకి గండి పడ్డట్టే! కొత్త పడవకి వేసిన రంగు, పక్కింటి మేక వీళ్ల మల్లెతీగ నమిలేసిన వైనం, రొయ్యల షెడ్డులో ఎవరెవరికి పడట్లేదు, బావకి గురక ఎంత పెరిగింది. పది వేళ్లూ గాలిలో పరుగులు. ఇందులో అలకెక్కడుంది? నాకేం అర్థం కాలేదు.

వెంకన్న బావ వంటింట్లోంచి గరిటెతో వచ్చాడు. వాళ్లింట్లో పులుసు ఆయనే పెట్టాలి, అక్క పెడితే ఒప్పుకోడు. "ఏమ్మా మరదలా, చెప్పాపెట్టకుండా దిగావు! కబురు చేస్తే పండుగొప్ప తెచ్చుండేవాణ్ణి గదా. ఇవాళ్టికి బొమ్మిడాయిలతో సరిపెట్టుకో."

బొమ్మిడాయిల పులుసుతో ఎవరైనా "సరిపెట్టుకుంటారా"? రెండు సార్లు కలుపుకుని తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక ఇక ఉండబట్టలేక అక్కనే అడిగేశాను. ఫోన్లో ఎందుకు మాట్లాడవు? నా మీద కోపమా? పడవ రోజు రాలేదనా? అక్క నా చేతుల్ని పట్టుకుని ఆపేసింది. అంటే మా భాషలో నోరు మూయడమే. నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

అంతలో బీరువా తలుపు సందులోంచి వెలుగు మిణుకుమంది. అక్కకి మోత వినపడదు కాబట్టి ఫోను వస్తే లైటు వెలిగేలా పెట్టి ఇచ్చింది తమ్ముడే. బావ వెళ్లి అక్క భుజం తట్టాడు. అక్క బీరువా తీసి, పల్చటి తువ్వాలులో చుట్టిన ఫోను బయటికి తీసింది. తమ్ముడే చేశాడు. నేను కనపడకుండా పక్కన కూర్చున్నాను, వాణ్ణి కాసేపు ఆటపట్టిద్దామని.

తెర మీద తమ్ముడు చెయ్యి తిప్పుతూ, కొత్త పడవ ఎలా నడుస్తోందని అడిగాడు. అక్క ముఖం వెలిగిపోయింది. చెప్పడానికి కుడిచెయ్యి తీసింది. తీయగానే ఎడమచేతిలో ఆ పెద్ద ఫోను పక్కకి ఒరిగింది. గబుక్కున మళ్లీ రెండు చేతులా పట్టుకుంది. ఒళ్లో పెట్టుకుంటే తమ్ముడికి పైకప్పు కనపడింది. బియ్యం డబ్బాకి ఆనించింది, నున్నటి వీపున్న ఫోను కదా, సర్రున జారింది. గుండె చేత్తో పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుంది. ఇక రెండు చేతులతో పళ్లెంలా ఎత్తి పట్టుకుని, నవ్వి, తల ఊపింది. బాగుంది అన్నట్టు. వాడూ తల ఊపి పెట్టేశాడు.

ఆవిడ మాట్లాడేది చేతులతో. మేం ఆ రెండు చేతులూ నిండిపోయే వస్తువు కొనిచ్చాం. నోటితో మాట్లాడే మనిషికి ఫోను ఇచ్చి నోట్లో గుడ్డ కుక్కినట్టు! ఆ సైగల మధ్యే పుట్టి పెరిగిన మాకే ఈ ఆలోచన తట్టకపోవడం ఏం చోద్యం? మా చేతులు ఎంత బాగా కనపడతాయా అని చూశాం గానీ, తను దేంతో మాట్లాడాలి అన్నది ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"పాతదైతే కిటికీ ఊచల సందులో ఇరికించి గంటలు గంటలు మాట్టాడేదమ్మా," అన్నాడు బావ నెమ్మదిగా. "ఇది ఆ సందులో పట్టదు. పగిలిపోద్దేమోనని రేవుకీ తీసుకెళ్లదు. చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంటది."

"నువ్వయినా చెప్పొచ్చుగా బావా!"

"చెబుదావంటే ఒట్టేయించుకుందమ్మా. పిల్లలు ముచ్చటపడి కొన్నారు, అనకూడదంది."

యాభైకి దగ్గర పడుతున్నా మేం ఇంకా పిల్లలమే ఆవిడకి. అక్క మా మాటలు పెదవుల కదలికని బట్టి పోల్చుకుని సిగ్గుపడింది. తర్వాత ఇలా చెప్పింది: రెండు చేతులా పెద్ద లడ్డూ పట్టుకున్నట్టు చూపించి, నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించింది. మీరు పెట్టారు. తియ్యగా ఉంది. ఉమ్మెయ్యలేను. నోటినిండా లడ్డూ ఉంటే మాటెలా వస్తుంది?

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక ఆగలేదు. ఫోను, పెట్టె, బిల్లు సంచిలో వేసి, అక్కని వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సులో చల్లపల్లి వెళ్లాను. సెంటర్లో రెండు మూడు ఫోను షాపులున్నాయి. మేం వెళ్లిన షాపతను మా పెద్ద ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తదే కదండీ మేడమ్! దీన్నిచ్చేసి మామూలు ఫోను తీసుకుంటారా? అందరూ చిన్నదిచ్చి పెద్దది పట్టుకెళ్తారండీ."

"మా అక్క మాట్లాడుకోవాలండీ."

"పెద్దదాంట్లోనూ మాట్లాడొచ్చు కదండీ?"

"చేతులతో," అన్నాను.

అతను అక్క వైపు చూసి, "అయ్యో, అలాగాండీ" అని వెనకాల అల్మరాలు వెతకడం మొదలుపెట్టాడు. మామూలు ధరలో ఉండేవి కూడా ఈ రోజుల్లో అన్నీ పలకలే వస్తున్నాయి. చిన్నవి నాలుగే దొరికాయి. అక్క కెమెరా చూడలేదు, రంగు చూడలేదు. ఒక్కోటీ ఎడమ అరచేతిలో పెట్టుకుని బొటనవేలు అవతలి అంచుకి అందుతుందో లేదో చూసింది. తర్వాత కుడిచేత్తో మాట్లాడి చూసింది, గడ్డం కింద నొక్కిపట్టి రెండు చేతులూ ఆడించి చూసింది, టీ గ్లాసుకి ఆనించి నిలబడుతుందో లేదో చూసింది. మూడోది నిలబడింది. అప్పుడు షాపతని వైపు తిరిగి బొటనవేలూ చూపుడువేలూ రాపాడించి, అరచెయ్యి కిందకి దించింది. ధర తగ్గించమని. దానికి నేను తర్జుమా చెయ్యాల్సిన పని పడలేదు. "మీరు గట్టోరండీ బాబూ" అంటూ కాస్త తగ్గించాడు. ఫోటోలు, నంబర్లు కొత్తదాంట్లోకి మార్చడానికి అరగంట పట్టింది. ఈలోగా పక్క బడ్డీలో నిమ్మసోడా తాగాం.

అక్కని నాగాయలంక బస్సెక్కించి, నేను బెజవాడ బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక ఫోను వచ్చింది. అక్క ఇల్లు చేరినట్టుంది. కొత్త ఫోనుని కిటికీ ఊచల మధ్య దూర్చి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఇన్నాళ్లూ ముఖమొక్కటే కనపడేది, ఇప్పుడు నడుము దాకా కనపడుతోంది. రెండు చేతులూ చెవుల దగ్గరికి తెచ్చి, పిడికిళ్లు బిగించి, భుజాల మీదుగా కిందకి లాగింది.

రెండు జడలు. అది నా పేరు. చిన్నప్పుడు రోజూ అక్కే వేసేది, అందుకని ఆ పేరు పెట్టుకుంది. ఆ జడలు పోయి చాలా ఏళ్లయింది, పాపిట్లో వెంట్రుకలు కూడా నెరిశాయి. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే ఆ పిలుపు పిలవడం కుదరదు. ఈ రెండు నెలలుగా అక్క నన్ను పిలవలేకపోయింది. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది.

పక్క సీటావిడ కంగారుగా అడిగింది. "ఏంటమ్మా ఏడుస్తన్నారు? ఏవైందండీ?"

"ఏం లేదండీ. మా అక్క పిలిచింది."

బెజవాడ బస్టాండు వచ్చేదాకా అక్క చెబుతూనే ఉంది. లడ్డూ మింగడం అయిపోయినట్టుంది, ఎంత తలూపినా ఆగితేనా! ప్రేమ ఎక్కువైనప్పుడు మనం పెద్దది కొంటాం. మా ప్రేమలో లోటేం లేదు, ఇప్పుడూ అదే అంటాను. కాకపోతే తీసుకున్నవాళ్లు కూడా ప్రేమ ఎక్కువై, ఇబ్బందిగా ఉందని చెప్పరు. నవ్వుతారు, తలూపుతారు, భద్రంగా తువ్వాలులో చుట్టి దాచుకుంటారు.

చివరగా ఒక్క మాట. మీవాళ్లకి ఎవరికైనా ఫోను కొనేటట్టయితే వాళ్లని షాపుకి వెంట తీసుకెళ్లండి, వాళ్ల చేతికే ఇచ్చి రోజూ మాట్లాడేట్టే కాసేపు మాట్లాడమనండి. ఆ కాసేపూ ఫోను వైపు చూడకుండా వాళ్లనే చూడండి. వాళ్లు మిమ్మల్ని ఎప్పుడూ పిలిచేట్టే పిలవగలిగితే, ఆ ఫోను కొనెయ్యండి.