పెనం దగ్గర ఐస్ పాట

బడి విడిచాకే రూతమ్మ టీచరుకు తెల్లవారేది. పాత సామాను గదిలో పిల్లలు రేడియోల పొట్టలు విప్పుతుంటే, శీతాకాలపు అనకాపల్లి మీదుగా వచ్చిన బెల్లం వాసన కిటికీ దగ్గర ఆగి తొంగి చూసేది. రెండు వేల నాలుగులో ఆమె ఆశంతా బుజ్జి మీదే. క్లాసులో సర్క్యూట్ అంటే ఏమిటని అడిగితే పైకప్పు వంక చూసే ఆ పిల్ల, ఈ గదిలో వైరు చేతికందితే చాలు, బల్బుతో కబుర్లాడేది.

ఒకరోజు తుమ్మపాల నుంచి బుజ్జి తండ్రి త్రినాధరావు వచ్చాడు.

"రేపట్నుంచి పిల్లని బడవ్వగానే పంపీండి టీచరమ్మా. బెల్లం వండుతన్నాం. నేను గానుగ కాడుంటే అక్కడ పెనంలో సెరుకు రసం పొంగిపోతంది. సూసేవోళ్లు లేరు."

"పొంగు చూడ్డానికి పిల్లెందుకండీ, పొంగగానే మోగే గంట చాలు. ఆదివారం దాకా ఆగండి" అంది రూతమ్మ. అన్నాక గుర్తొచ్చింది, తన దగ్గర గంట లేదని.

పిల్లల్లో ఒకడైన రోనాల్డ్, వాళ్ల నాన్న పాత ఐస్ బండికున్న పాట పెట్టె పట్టుకొచ్చాడు. పిల్లలు దానికి బ్యాటరీ, ట్రాన్సిస్టరు తగిలించి, రెండు వైర్లను ఒక కర్రకు కట్టారు. నురగ లేచి రెండింటినీ తాకితే పెట్టె పాడాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక రూతమ్మ తుమ్మపాల వెళ్లింది. కర్రను పెనం మీద అడ్డంగా పెట్టారు. రసం ఇంకా ఆవిర్లు కక్కుతోందంతే, పెట్టె పాట అందుకుంది. వీధిలో పిల్లలంతా గ్లాసులతో పరుగెత్తుకొచ్చారు. ఐస్ ఎక్కడని పెనంలోకి చూశారు.

"ఇదేటి టీచరమ్మా? పెనం పొంగలేదు గానీ ఊరు పొంగీసింది" అన్నాడు త్రినాధరావు.

బుజ్జి కర్రను వేలితో తడిమింది.

"ఆవిరికి కర్ర తడిసిపోనాది టీచర్. ఆ తడే రెండు వైర్లనీ కలిపీసింది."

ఎవరూ చెప్పకుండానే వైర్లు విప్పి, పెనానికి అటొక కర్ర, ఇటొక కర్ర పాతి విడివిడిగా వేలాడదీసింది. ఈసారి పెట్టె ఓపిగ్గా ఊరుకుంది. బంగారు నురగ అంచుదాకా లేచినప్పుడే పాడింది. బుజ్జి తల్లి చిన్నమ్మలు ఆముదం చుక్క వేసింది. నురగ అణిగింది. గ్లాసులు మళ్లీ వచ్చాయి.

మర్నాడు బడి విడిచాక బుజ్జి వెనకే త్రినాధరావు గుమ్మంలో నిలబడ్డాడు. రూతమ్మ ఎదురెళ్లింది.

"పిల్లని తీసుకెళ్తారా?"

"లేదండీ. నురగలోంచి కరెంటు ఎలా పోతాదని దీన్నడిగితే కసురుతంది. మీరే సెప్పండి."

"మరి పెనం దగ్గరెవరున్నారు?"

"పెట్టె ఉంది కదా. అది పాడితే ఐస్ అనుకుని పిల్లలొత్తారు. ఆళ్లని తరమడానికి మా ఆవిడొత్తాది. వచ్చినావిడ ఎలాగూ సుక్క ఆముదం ఏత్తాది."

రూతమ్మ సుద్దముక్క అందుకుని, బుజ్జి పక్కన ఖాళీ బల్ల చూపించింది.

"కూర్చోండి. పెనం నుంచి పెట్టెకి, పిల్లలకి, మీ ఆవిడకి, మళ్లీ పెనానికి. సర్క్యూట్ పాఠం సగం మీరే చెప్పీసేరు."