సాయిలు మీద పడ్డ మాట

ఈ బరువును ఇన్నేళ్లు ఎలా మోశావని మీరు అడగవచ్చు. నిజం చెప్పాలంటే మోసినట్టు కూడా ఎవరికీ కనబడనివ్వలేదు. పెళ్లిళ్లకు వెళ్లాను, పిల్లలను చదివించుకున్నాను, నలుగురిలో నవ్వాను. మంచివాడు అనిపించుకున్నాను. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే మీతో పనేముంది?

మేం ముగ్గురం స్నేహితులం. మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన ఒక కార్ఖానాలో, బొగ్గు యార్డులో పనిచేసేవాళ్లం. దేవదానం, నేను ఇంజను డ్రైవర్లం. బొగ్గు వ్యాగన్లను లోపలికి లాగడం, ఖాళీవి బయటికి నెట్టడం మా పని. వాగుడుకాయ సాయిలు పాయింట్స్‌మన్. అంటే పట్టాలు మార్చి మా ఇంజనుకు దారి ఇచ్చేవాడు. దేవదానం వాళ్ల నాన్న చీరాల వైపు నుంచి గనిలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సాయిలు పెద్దలూ మా పెద్దలూ ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చారు. ముగ్గురం చదివింది మరాఠీ బడిలోనే. ఈ తెలుగు రాత మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

ఊళ్లో ఎస్‌టీడీ బూత్‌లు, ఇళ్ల మీద కేబుల్ తీగలు కొత్తగా వస్తున్న కాలం. దేశమంతా ఏవో తలుపులు తెరుచుకుంటున్నాయని పేపర్లు రాసేవి. మా కార్ఖానాలో మాత్రం భర్తీ బంద్ అయింది. ఒక్కో పనీ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, చేతికి పోతోంది. రేపు మన వంతేనేమో అన్న భయం అందరిలోనూ ఉండేది. ఆ ఎండాకాలం దేవదానమే అన్నాడు, చీరాల దగ్గర సముద్రం ఒడ్డున మా పెద్దనాన్న ఇల్లుంది, నాలుగు రోజులు పోయొద్దామని. సాయిలూ నేనూ అప్పటిదాకా సముద్రం చూడలేదు. బల్లార్షాలో రైలెక్కాం.

ఆ నాలుగు రోజుల కంటే సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఇది ముందే చెప్పాలి. ఏదో పగ పెట్టుకుని చేశానని మీరు అనుకోవద్దు. పగతో చేసి ఉంటే నాకే ఎంతో నయంగా ఉండేది. సాయిలు సముద్రాన్ని చూడగానే చెప్పులతో సహా నీళ్లలోకి పరిగెత్తాడు. ఒక చెప్పు అలలు తీసుకుపోయాయి, రెండోది తనే విసిరేశాడు. దేవదానం పెద్దమ్మ మా మాట విని, సగం హిందీ సగం మరాఠీ, ఇదేం తెలుగురా నాయనా అని నవ్వుతూనే పళ్లెంలో ఇంకో చేపముక్క వేసేది. మా చంద్రపూర్ ఎండకు మాడిన ఒళ్లు అక్కడి గాలికి చల్లబడింది. మగవాళ్లం అయినా చేతులు పట్టుకుని అలల్లో నిలబడ్డాం. నాకు నీళ్లంటే భయం, మధ్యలో నన్ను పెట్టుకున్నారు.

ఒక సాయంత్రం ఇసుక మీద తాటికల్లు తాగుతూ కూర్చున్నాం. అక్కడ ఇసుకంతా పచ్చటి తీగలు పాకి ఉంటాయి. ఆ తీగల మధ్య ఎర్రటి పీతలు. సాయిలు వాటి వెంట పడుతూ, పట్టురా పట్టు, నీ కాళ్ల దగ్గరే ఉంది అని దేవదానాన్ని కేకేశాడు. దేవదానం వంగి చూస్తున్నాడు, ఎక్కడరా అంటున్నాడు. అంత ఎర్రటి పీత పాదం పక్కనే ఉంది. కదిలితే గాని ఆయనకు కనిపించలేదు. మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఆయన కూడా నవ్వి, కూర్చుని, మెల్లగా అసలు సంగతి చెప్పాడు. చిన్నప్పటి నుంచి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదట. మరి సిగ్నల్? ఏ దీపం పైన వెలుగుతుందో, ఏది కింద వెలుగుతుందో చూసుకుని నడుపుతాడట. మరి ఏటేటా దవాఖానాలో కంటి పరీక్ష? రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఆ పుస్తకం ఉంటుంది కదా, దాన్ని డాక్టరు ఎప్పుడూ మొదటి పేజీ నుంచే చూపిస్తాడు. దేవదానం ఆ అంకెలను వరసగా బట్టీ పట్టేశాడు.

మీ ఇద్దరికి తప్ప ఇంట్లో కూడా చెప్పలేదన్నాడు. ఇన్నాళ్లు నీ బండికా నేను దారిచ్చిందని సాయిలు తల పట్టుకుని నవ్వాడు. తర్వాత లేచి వెళ్లి, అలలో చెయ్యి ముంచి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. నేనూ చెయ్యి ముంచాను.

తిరిగి వచ్చిన కొన్నాళ్లకు కబురు తెలిసింది. రెండో ఇంజను ఠేకేదారుకు ఇస్తున్నారు. యార్డులో కంపెనీ పక్కా డ్రైవరు ఒక్కడే ఉంటాడు. మిగిలినవాణ్ని బూడిద సెక్షన్‌కు పంపుతారు. బొగ్గు కాలిన బూడిదను నీళ్లతో తోడిపోసే చోటు అది. అక్కడి నుంచి షిఫ్టు దిగివచ్చే మనుషుల కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి, దగ్గు పక్క సందులోకి వినబడేది. దేవదానం నాకంటే సీనియర్. అంటే పోవాల్సింది నేను. నా భార్యకు రెండో కాన్పు దగ్గర పడింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? మీరు జాలిపడాలనా? వద్దు. ఆయనకూ భార్యాపిల్లలు ఉన్నారు.

ఆ నెలలోనే నా కంటి పరీక్ష. పుస్తకం తెరిచారు, నేను అంకెలు చదివాను. అంతా అయి లేచేటప్పుడు, నవ్వుతూ, ఏదో ఊసుపోక అన్నట్టు, పేజీలు ఎప్పుడూ ఇదే వరసలో చూపిస్తే మావాళ్లకు బట్టీ అయిపోతుంది సార్ అన్నాను. పేరు చెప్పలేదు. డాక్టరు కూడా నవ్వాడు. నేను బయటికి వచ్చి చొక్కా గుండీ పెట్టుకున్నాను. చేతులు వణకలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

పేరు చెప్పలేదన్న ఒక్క ముక్కను పట్టుకుని ఎన్నేళ్లు బతికానో. ఇంకో ముక్క కూడా ఉంది. రంగులు తెలియని మనిషి ఇంజను నడిపితే ఎవరి ప్రాణమైనా పోవచ్చు కదా, చెప్పడం ధర్మమే కదా అని. నిజమే, పోవచ్చు. కానీ డాక్టరు గదిలో నాకు ఏ పాయింట్స్‌మన్ ప్రాణమూ గుర్తు రాలేదు, బూడిద సెక్షనే గుర్తు వచ్చింది. ధర్మం సంగతి తర్వాత తీరిగ్గా వెతికి తెచ్చుకున్నాను.

దేవదానం వంతు వచ్చినప్పుడు డాక్టరు పుస్తకాన్ని మధ్యలో తెరిచాడు. ఆయనకు ఏ పేజీ అయినా చుక్కలే కదా. అలవాటుగా మొదటి అంకె నుంచి వరసగా అప్పజెప్పాడు. అక్కడే అయిపోయింది. ఇంజను నాకు వచ్చింది.

వారం తర్వాత గేటు బయట చాయ్ దుకాణంలో నా పక్కన కూర్చున్నాడు. అప్పటికే వెంట్రుకల్లో బూడిద.

"సముద్రం కాడ మనం ముగ్గురమే ఉంటిమి," అన్నాడు. "నువ్వైతే చెప్పవు."

నాకు అప్పుడు ఒక్క క్షణం దొరికింది. మాట్లాడకుండా ఊరుకున్నా సరిపోయేది. నేను అన్నాను: "సాయిలు నోరు ఆగుతదా?"

చూశారా, అప్పుడు కూడా నేనేమీ చెప్పలేదు. అడిగాను, అంతే. దేవదానం గ్లాసు కింద పెట్టాడు. "గంతే," అన్నాడు. "వాడే." ఆ రోజు నుంచి సాయిలుతో మాట్లాడలేదు.

సాయిలు నా దగ్గరికి వచ్చాడు. ఒకసారి కాదు. దేవదానం ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు, నేనేం చేశానో నీకేమైనా తెలుసా అని అడిగాడు. ఇంజను పోయిన బాధలో ఉన్నాడు, కొన్నాళ్లు ఊరుకో అన్నాను. అన్నిటికీ నవ్వే మనిషి, అది నవ్వుతూ అడగలేదు. కొన్నాళ్లు కాస్తా ఏళ్లయ్యాయి. దేవదానం దగ్గుతోనే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కూ మా ఇంటికి కేకు తెచ్చేవాడు. కష్టంలో నాకు మిగిలింది నువ్వొక్కడివే అని నా భార్య ముందే అనేవాడు. ఆమె గర్వంగా నా వైపు చూసేది. నేను కేకు తినేవాణ్ని. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ నోరు తెరిచి, దుకాణం ఎలా నడుస్తోందని అడిగాను. ఇప్పుడు చెబితే ఆయనకున్న ఒక్క స్నేహితుడూ పోతాడు కదా అనుకుంటాను. ఈ ఆలోచన ఆయన మీది ప్రేమా, నా మీద నాకున్న ప్రేమా? ఎంత తవ్వినా తేలదు.

పోయిన ఏడు సాయిలు గుండె ఆగి పోయాడు. దేవదానం ఇల్లు అక్కడికి నాలుగు సందుల దూరం. రాలేదు. నేను వెళ్లాను, పాడె మోశాను. అవును, ఈ భుజంతోనే. కర్మకాండ అయ్యాక సాయిలు భార్య నన్ను వాకిట్లో ఆపింది. ఏడుపు ఆగిపోయిన మొహం.

"అన్నా, దేవదానమన్న మట్టికి సుత రాలే. మా ఆయన గాయనకు ఏం చేసిండు? పోయేదాంక గదే అడిగిండు నన్ను."

నాకు తెల్వదు చెల్లె అని వచ్చేశాను.

ఆమెకు ఇవ్వాల్సిన జవాబు మీకు ఇస్తున్నాను. నాకు చేతనైంది ఇంతే, దీన్ని మీరు క్షమించకండి. సాయిలు ఏమీ చేయలేదు. ఎంత వాగే మనిషో, ఆ సాయంత్రం విన్న మాటను మాత్రం భార్యకు కూడా చెప్పకుండా తనతో తీసుకుపోయాడు. చెప్పింది నేను. ఈ రెండు మాటలూ రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. సాయిలు ఇంట్లో మాత్రం ఇంకా అదే ప్రశ్న.