ముడి విప్పని గజ్జెలు

మా కాక పోయాడు. సౌదీలోని జుబైల్‌లో, ఫ్యాక్టరీ ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనిలో, వెల్డింగు చేస్తూనే పోయాడు. పొద్దున ఛాతీలో నొప్పి అని చెబితే అన్నం టైము దాకా ఆగమన్నాడట సూపర్‌వైజరు. అన్నం టైము ఆయనకు రాలేదు.

క్యాంపు గోడకు కంపెనీవాళ్లు అంటించిన సంతాపం కాగితంలో ‘నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి’ అని ఉంది. చదివితే నాకు ఒళ్లు మండింది.

కాక నాకు చుట్టం కాదు. ఒకే గదిలో పక్క మంచం. జగిత్యాల వైపు ఊళ్లలో ఆడవేషం కట్టి భాగోతాలాడినవాడు. గడ్డం గీసుకుంటూ కూడా పాడేవాడు. వంత పాడుతూ నేను తాళం తప్పితే సబ్బు చేత్తోనే నా వీపు మీద తట్టి సరిచేసేవాడు.

పోయినేడు తనిఖీకి వచ్చిన ఇటలీ ఇంజనీరు చాయ్ తాగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే కాక ఆయన్ను పట్టుకుని కథంతా చెప్పించుకున్నాడు. అదొక ఒపెరా, మన భాగోతంలాగే ఆటంతా పాటే. మొదట మామూలు నాటకమట, తరువాత పాటలు కట్టారు. వంతెన కడుతూ ఒక మేస్త్రీ చనిపోతాడు. అతని భార్య ఆ వంతెన కట్టించే దొర ముందు నిలబడి, నా మొగుడి పేరు నీ నోటితో చెప్పమంటుంది. చివరికి మేస్త్రీలంతా కలిసి ఆ పేరు పాడాలి. అంతమంది పాడేవాళ్లు దొరక్క వాళ్ల దేశంలోనే దాన్ని ఎవరూ ఆడరట.

“మందే కావాల్నా? మన కాడ మంది తప్ప ఏమున్నది?” అన్నాడు కాక.

భాగోతం వరసల్లో పాటలు కట్టాడు. ఫిట్టర్లను, వెల్డర్లను వంతకు నిలబెట్టాడు. ఒక శుక్రవారం మెస్సులో, కాళ్లకు గజ్జెలు కట్టి, మేస్త్రీ భార్యగా కర్టెన్నే చీరగా చుట్టుకుని, దొర వేషగాడి ముందుకు వచ్చి నోరు తెరిచాడో లేదో, క్యాంపు మేనేజరు వచ్చి లైట్లు ఆర్పేశాడు. పర్మిషన్ లేకుండా గుంపు కూడొద్దన్నాడు. అదే వారం ఆఫీసువాళ్లు ఒపెరా చూడటానికి బస్సులో రియాద్ వెళ్లారు. అక్కడ పాడితే కళ, ఇక్కడ పాడితే గుంపు.

కాక గజ్జెలను ముడి విప్పకుండానే కాళ్ల నుంచి లాగి మేకుకు తగిలించాడు. విప్పలేదేం కాకా అంటే, “మంగళం పాడంది ఎట్ల ఇప్పుతర్రా? ఆట ఇంకా ఒడువలే” అన్నాడు.

ఆ తరువాత వారం వారం ఆఫీసు గుమ్మంలో నిలబడి పర్మిషన్ అడిగాడు. పొమ్మన్నా కదిలేవాడు కాదు. ఈయనేనా పేచీ పెట్టుకోని మనిషి?

మార్చురీలో మేనేజరు ఫోన్‌లో చూసి కాక గుర్తింపు కార్డు, ఇఖామా, నంబరు చదివాడు.

“పేరు చెప్పుండ్రి సార్” అన్నాను.

“నంబర్ చాలు” అన్నాడు.

అందుకే కాక పేరు నేనిక్కడ రాయలేదు. ముందు ఆ మేనేజరు నోట రావాలి.

నిన్న కాక శవపెట్టె ఊరికి వెళ్లిపోయింది. సాయంత్రం సంతాపం చెప్పడానికి మేనేజరు మెస్సుకు వచ్చాడు. నేను గదికి వెళ్లి, ఆ గజ్జెలను ముడి కదలకుండా కాళ్లకు ఎక్కించుకుని వచ్చాను. కాక ఆగిన చోటే నిలబడి, ఆగిన పాటే ఎత్తుకున్నాను. మా కాక పేరు నీ నోటితో చెప్పు దొరా.

ఆయన స్విచ్చు దగ్గరికి నడిచాడు. లైట్లు ఆరిపోయాయి. నా వెనక బెంచీలు జరిగిన చప్పుడైంది, ఆ చీకట్లోనే వంత అందుకుంది.

పేరు మాత్రం ఆ నోట ఇంకా రాలేదు. గజ్జెలు ఇప్పుడు నా మంచం దగ్గర మేకుకు ఉన్నాయి. ముడి విప్పలేదు.