ఉప్పుతో గీసిన తీరం

నా చిన్నప్పుడు తెనాలిలో మాది ఎండుచేపల కొట్టు. బళ్ళో నా పక్కన కూర్చోవడానికి ఎవరూ పోటీపడేవారు కాదని వేరే చెప్పక్కర్లేదు. త్రాసు తప్ప ఇంకేదీ నిజం చెప్పదన్నది మా ఇంటి మతం. ఆ మతంలో పెరిగిన దాన్ని కనకే, ఈ వయసులోనూ నన్ను చూడగానే కూరలబండి అబ్బాయి బండిని పక్క వీధికి తిప్పుకుంటాడు. వంకాయలు బేరమాడి, కొసరుకి కరివేపాకు అడిగి, ఆ కరివేపాకు వాడిపోయిందని మళ్ళీ వంకాయల ధర తగ్గించమనే రకం నేను. అలాంటి నేను ఒక్కరోజు మాత్రం బేరంలో చిత్తుగా ఓడిపోయాను. ఆ రోజు అవతల ఉన్నది దేవుడు.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉండేది. తుపాను మాట వినబడిందంటే సముద్రపొడ్డున సరుకు చవకవుతుంది. తడిస్తే కుళ్ళిపోతుందని పల్లెవాళ్ళు వచ్చినకాడికి అమ్మేస్తారు. అందరూ ఊళ్ళకి పారిపోయి వస్తుంటే మా నాన్న ఖాళీ గోతాలు పట్టుకుని ఎదురు వెళ్ళేవాడు. ఆసారి కూడా రేపల్లె దాటి, సముద్రం పక్కనున్న పల్లెకి అలాగే వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, తుపాను ఆ రాత్రికి బాపట్ల దగ్గర తీరం దాటుతుందని. మా నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య, బాపట్ల ఆ మూల, మనవాడు ఈ మూల" అంది. అమ్మ టీ కూడా పెట్టింది. మేము అనుకున్నదే అక్కడ నాన్నా అనుకుని ఉంటాడు. ఇంకా నాలుగు గోతాలు ఎక్కువే కొని ఉంటాడు.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. ఆడపిల్లల బళ్ళో భూగోళం చెప్పేది. "బాబాయ్ బయల్దేరాడా పిన్నీ?" అని అడిగింది. అమ్మ నవ్వి, బాపట్ల దగ్గరట కదమ్మా అంది. అక్క ముఖంలో రంగు పోయింది.

బస్తాలోంచి గుప్పెడు కల్లుప్పు తీసి నేలమీద ఏటవాలుగా గీత పోసింది. అది తీరమంది. పటంలోలాగా గీతకి పైన మనం, కింద సముద్రం. ఒక ఎండురొయ్య పెట్టి బాపట్ల అంది. దానికి కుడివైపున ఇంకోటి పెట్టి, ఇది బాబాయ్ ఉన్న చోటు అంది. మా నాయనమ్మకి ఒళ్ళు మండింది. "బాపట్లలో గాలి కొడితే ఇక్కడెందుకు మునుగుతుందే? పక్కింట్లో పెళ్ళయితే మనింట్లో అప్పగింతలా?" అంది.

అక్క బేసినులో నీళ్ళు తెచ్చి, సరిగ్గా బాపట్ల రొయ్య మీద పెట్టింది. వేలు ముంచి, గడియారం ముల్లు తిరిగే వైపుకి ఎదురుగా నీళ్ళు తిప్పి, మా కుండీలోని తులసాకు ఒకటి వేసింది. ఆకు ఎడమవైపుకి వచ్చినప్పుడు మనవైపు నుంచి సముద్రం వైపు పోతోంది. కుడివైపుకి వచ్చినప్పుడు సముద్రం వైపు నుంచి మనవైపు వస్తోంది. అక్క మళ్ళీ తిప్పింది. ఆకు మళ్ళీ అలాగే వచ్చింది.

"గాలి ఇలా తిరుగుతుంది నాయనమ్మా. ఆ పక్క సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. ఈ పక్క ఊళ్ళోకి తోస్తుంది. బాబాయ్ ఈ పక్కనున్నాడు."

టీ గ్లాసులు అలాగే ఉండిపోయాయి.

వీధి చివర బియ్యం మిల్లులో ఫోనుండేది. అమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది, వెనక మేము. రేపల్లెలో నాన్నకి తెలిసిన ఉప్పు వ్యాపారి ఒకాయన, లారీ ఉన్నవాడు, ఎంతో సేపటికి దొరికాడు. ఆయన, "చెల్లెమ్మా, సగం ధరకి సరుకు దొరుకుతుంటే మీ ఆయన నేను పిలిస్తే కదుల్తాడా?" అన్నాడట. నిజమే. మా నాన్న కళ్ళముందు తూచనిదే ఏదీ నమ్మడు. అమ్మ జన్మలో ఫోను ముట్టుకోని మనిషి. దాన్ని రెండు చేతులా పట్టుకుని, "చెప్పొద్దన్నయ్యా, గీసి చూపించండి. మీ ఉప్పుతోనే గీయండి. నీళ్ళు తిప్పండి, ఆకు వేయండి" అని అరుస్తూనే ఉంది. ఎప్పుడో లైను తెగిపోయింది. ఆయన ఎంత విన్నాడో తెలియదు.

ఇక గాలి మొదలైంది. నేను దేవుడికి ముందు ఒక కొబ్బరికాయ అన్నాను. రేకులు లేచిపోతుంటే పది అన్నాను. తర్వాత నా వెండి పట్టీలు, ఆ తర్వాత నా జుట్టు. అవతలివాడు నోరు విప్పకముందే ధర పెంచుకుంటూ పోవడమంత బుద్ధితక్కువ బేరం లేదు. తెలుసు. అయినా పెంచుతూనే ఉన్నాను.

తెల్లారాక నాన్న వచ్చాడు, ఒంటిమీద బట్ట తప్ప ఏమీ లేకుండా. ఉప్పు వ్యాపారి లారీ వేసుకుని వెళ్ళి, పల్లె మధ్యలో ఉప్పు పోసి గీశాడట. నాన్న చూసి, గోతాలన్నీ అక్కడే వదిలి, ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పిలిచాడట. చూడ్డానికి వచ్చినవాళ్ళు లారీ ఎక్కారు. నాన్న ఎప్పుడూ దిగే ఇంటాయన మాత్రం పడవ తాళ్ళు బిగించుకుంటూ, "బాపట్ల పోయేదానికి మాకేంటి షావుకారూ, పొద్దున్నే వచ్చి మీ సరుకు పట్టుకుపోండి" అని నవ్వాడట. ఆ ఇల్లు మిగల్లేదు. ఆయన దొరకలేదు.

నాన్న తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అన్నం ముందు కూర్చుని, ఉన్నట్టుండి ఒకటే మాట అనేవాడు, "ఇంకోసారి గీసి చూపించాల్సింది."

ఇప్పుడు తుపాను వస్తే ఫోన్లో దాని దారి గీసిన రంగురంగుల పటం వస్తుంది. మా మనవరాలు చూసి, "అమ్మమ్మా, గీత ఒంగోలు వైపు పోతోంది, మనకేం కాదు" అంటుంది. నేను గీత చూడను. దాని కుడిపక్కన ఎవరున్నారో చూస్తాను. తర్వాత వంటింటి గట్టుమీద ఉప్పు పోస్తాను, గిన్నెలో నీళ్ళు తిప్పుతాను. అర్థమైందిలే అమ్మమ్మా అంటుంది పిల్ల. ఉప్పు దండగ చేస్తున్నానని నాకే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా తుడిచేసి, ఇంకోసారి గీస్తాను.