ఆర్కిడ్‌కు వార్నిష్ పూసిన మామ

ఒక్క పూలమొక్కకు గాలి ఆడటం కోసం ఊరంతటికీ కరెంటు పోగొట్టిన మొనగాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా మామ. ఆ మధ్యాహ్నం రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయనీ, పిండిమర గొంతులో పిండి ఇరుక్కుపోయిందనీ నేను చెబితే నమ్మనివాళ్లు ఉన్నారు. బడి మధ్యలో మానేసినవాడి మాట కదా, నమ్మరు. పోనీయండి.

మామది ఫ్యాన్లు బాగుచేసే పని. వీధిలో వైండింగ్ మామ అంటారు. ఇంటిముందు వరండాయే దుకాణం. బల్ల మీద రాగితీగ చుట్టలు, గోడకు ఆనించిన రెక్కలు, కాయిళ్లకు పూసే వార్నిష్ డబ్బా, ఆ డబ్బాలో ఎప్పుడో బిగుసుకుపోయిన కుంచె. 'రేపు రండి' అనే మాటను కనిపెట్టింది ఈయనే అని నా అనుమానం. ఆ రేపు కోసం తిరిగి తిరిగి ఒకాయన చెప్పులు అరిగి, ఎత్తు కూడా తగ్గాడు. ఊరికంతా గాలి పంచుతున్నానని ఛాతీ విరిచే ఈ పెద్దమనిషి ఇంట్లో మాత్రం తిరిగే ఫ్యాను ఒక్కటి లేదు. ఉన్నదాని కండెన్సరు పీకి ఎవరి ఫ్యానుకో వేశాడు.

అత్తకు ఆర్కిడ్లంటే ప్రాణం. ఆర్కిడ్‌కు మట్టి అక్కర్లేదు. కుండీలో బెరడు ముక్కలుంటే చాలు, వాటి సందుల్లో వేళ్లతో గాలి పీలుస్తూ బతికేస్తుంది. దానికి కావలసినవి గాలి, ఎప్పుడైనా కాసిని నీళ్లు, మనుషులు కాస్త ఎడంగా ఉండటం. మామకు చేతకాని పనులు సరిగ్గా ఇవే. అత్త మొదటి మొక్కను మట్టిలో పాతి చంపాడు. రెండోదాన్ని నీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి చంపాడు. రెండుసార్లూ "మొక్కలోనే దోషం ఉంది" అని తీర్పు చెప్పాడు.

మూడోది మొగ్గ వేసే వేళకు అత్త చెల్లెలి కూతురి కాన్పు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని అత్త గుమ్మంలో ఆగింది.

"ఏమయ్యా, విను. బెరడు ఎండితేనే నీళ్లు. అదీ పొద్దున పూటే. ఆకులన్నీ కలిసే నడిమి గుంటలో చుక్క పడకూడదు. పడితే గుడ్డ కొసతో అద్దెయ్. కిటికీ తెరిచి ఉంచు."

"గాలి గురించి నాకు చెప్తావేంటే? తాతకు దగ్గులు నేర్పినట్టు!"

"ఇది కూడా కుళ్లిందో, నీ బల్ల ఈ వరండాలో ఉండదు. ఇక్కడ నేను మొక్కలు పెట్టుకుంటా. నువ్వు రోడ్డు మీద కూర్చుని చుట్టుకో నీ తీగలు."

మామ నవ్వాడు. అత్త నవ్వలేదు. నవ్వకుండా అత్త అన్న మాట ఇంతవరకూ జరగకుండా పోలేదు. ఒకసారి అలాగే అని, గురక మానని ఈయన మంచాన్ని పెరట్లోకి చేర్చింది. అది ఇప్పటికీ పెరట్లోనే ఉంది.

అత్త వీధి మలుపు తిరిగిందో లేదో, మామ దుకాణంలో చేతిసాయంగా ఉండే నన్ను పిలిచి పాఠం మొదలుపెట్టాడు.

"అల్లుడూ, ఫ్యానుకు నూనె ఎక్కడ వేస్తాం? బేరింగులో. రెక్కలకు పూస్తామా? మీ అత్త రెక్కలకు పూసే రకం. మొక్కకు బేరింగు ఇదిగో, ఈ నడిమి గుంట."

ముక్కున్న నూనె డబ్బాను కడిగి, నీళ్లు నింపి, సరిగ్గా అత్త వద్దన్న చోటే వేశాడు. ఒకసారి వేసి ఊరుకుంటే మామ ఎందుకవుతాడు? బల్ల దగ్గర్నుంచి లేచినప్పుడల్లా ఓ చుక్క. దుమ్ము పడితే బేరింగు పోతుందని కిటికీ కూడా మూసేశాడు.

పాపం మొక్క! ఆకుల మొదట్లో నీరు పట్టిన మచ్చ లేచింది, గోధుమరంగుకు తిరిగింది, ఆపైన నల్లబడింది. దగ్గరికెళితే కుళ్లు కంపు. అప్పుడైనా అత్తకు ఫోన్ చేశాడా? చేస్తే పరువు! వార్నిష్ డబ్బా మూత తీశాడు.

"కాయిల్‌కి తేమ తగలకుండా ఏం పూస్తాం? ఇదేగా! ఇక చుక్క లోపలికి దూరదు."

"లోపలున్న చుక్క బయటికెలా వస్తుంది మామా?"

"చదువు మానేసినవాడివి, నీకెందుకురా ఇంత సైన్సు?"

తళతళా మెరిసింది మొక్క. ఆ మెరుపు కింద కుళ్లు హాయిగా కాపురం పెట్టింది. నేను ఊరికే వేలితో తాకితే నడిమి ఆకు మొదలంటా ఊడి చేతికొచ్చింది. మామ ఆ ఆకును చూశాడు, తర్వాత తన బల్లను చూశాడు.

ఫోన్ నేనే కలిపాను. అత్త తిట్లు వరండా దాటి ఎదురింటి దాకా వినిపించాయి. తిట్ల మధ్యలోనే వైద్యం కూడా చెప్పింది.

"బ్లేడు మంట మీద కాల్చు. నలుపు కనబడినంత మేరా కోసెయ్, శుభ్రమైన కండ వచ్చేదాకా కొయ్యి. జాలిపడి కొంచెం వదిలావో, ఆ కొంచెమే మిగతాదంతా తింటుంది. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దు. మొక్క వేళ్లకు తగలనీకు, ఎండబెట్టేస్తుంది. పాత బెరడు పారెయ్. నీళ్లు బంద్. చుట్టూ గాలి ఆడాలి, గాలి! నేను రేపు బయల్దేరుతున్నా."

మామ కోశాడు. నడిమి చిగురంతా పోయింది. అడుగున నాలుగు ఆకులు, కాసిని వేళ్లు మిగిలాయి. పొడి అద్దాడు. ఇక గాలి కావాలి. ఇంట్లో తిరిగే ఫ్యాను లేదు. దుకాణంలో ఉన్నవన్నీ 'రేపటి' ఫ్యాన్లే.

మర్నాడు పొద్దున్నే బల్ల ముందు కూర్చున్నాడు మహానుభావుడు. ఏళ్లుగా వాయిదా వేసిన ఫ్యాన్లన్నీ మధ్యాహ్నానికల్లా చుట్టేశాడు. చెప్పులరిగినాయన తన ఫ్యాను తిరగడం గేటు బయటి నుంచి చూసి, ఇల్లు తప్పి వచ్చానేమో అనుకున్నాడు. ఒక్క చిన్న ఫ్యాను, అదీ దూరంగా, మెల్లగా తిరిగితే మొక్కకు చాలు. కానీ మామకు చాలు అనే మాట ఎవరూ నేర్పలేదు. టేబుల్ ఫ్యాన్లు, స్టాండు ఫ్యాన్లు అన్నిటినీ ఒక్క బోర్డుకే తగిలించి స్విచ్ నొక్కాడు. టప్! పొగ. ఆ తర్వాత ఊరి సంగతి మీకు ముందే చెప్పాను.

అత్త గేటు తీసుకుని వచ్చేసరికి వరండా నిండా చచ్చిన ఫ్యాన్లు. వాటి మధ్య ఫ్యాన్ల మొనగాడు అట్టముక్కతో మొక్కకు విసురుతున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

అత్త సంచీ దించి కుండీ తిప్పి చూసింది. "ఈ మెరుపేంటి?"

"వార్నిష్," అన్నాడు మామ, అట్టముక్క ఆపకుండానే.

"ఫ్యాను అనుకున్నావా?"

మామ అట్టముక్కను ఇంకాస్త జోరుగా విసిరాడు.

"నడుమ పోయిన మొక్క ఇక పైకి ఎదగదు. కింద ఆకులు నిలబడితే మొదట్లో పిలక వేస్తుంది. పిలక వస్తే నీ బల్ల ఉంటుంది. రాకపోతే పోతుంది. అప్పటిదాకా దీని మీద చెయ్యి వేశావో!"

మామ వెయ్యలేదు. వెయ్యకుండా ఉండటానికి పడ్డ బాధ చూడాలి! రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కుండీ చుట్టూ తిరిగేవాడు. కిటికీ తెరిచే ఉంది. చిన్న ఫ్యానొకటి గది అవతలి నుంచి వీచింది. నీళ్లు అత్తే పోసేది, పొద్దున పూట, బెరడు మీద. ఎండాకాలం వెళ్లిపోయింది. ఓ ఉదయం, ముసలి ఆకు మొదట్లో, గోరంత పచ్చటి పిలక. మామ దాన్ని చూసి, వెళ్లి, బల్లను గోడకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

మొన్న ఫ్యాను కోసం వచ్చినవాళ్లకు ఈ కథంతా రైళ్లతో సహా చెప్పి, ఊరిని చీకటి చేసి మొక్కను బతికించిన వీరుడు ఈయనే అని చూపించాను. మామ కాయిల్ మీంచి తల ఎత్తలేదు.

"ఊరు కాదు, మా ఇంటి ఫ్యూజు. మొక్కను నేను బతికించలేదు. నేను ముట్టుకోవడం మానేశాక అది చావలేదు, అంతే."